వేట రైఫిల్‌కి తేలికైన స్టాక్: ఎవరికి ఏది నప్పుతుంది

అమెరికాలోని రాకీ పర్వతాల్లో ఎల్క్ అనే పెద్ద జింక వేటకి వెళ్లినవాళ్లకి రైఫిల్ బరువు గురించి వేరే చెప్పనక్కర్లేదు. మూడు వేల మీటర్ల ఎత్తు, వీపున సంచి, కాళ్ల కింద మంచు, ఎదురుగా ఇంకో గుట్ట. పొద్దున తేలిగ్గా తోచిన రైఫిల్ సాయంత్రానికి భుజాన్ని కోసేస్తుంది. ఇంటికొచ్చాక చాలామంది చేసే మొదటి పని తేలికైన స్టాక్ కోసం, అంటే రైఫిల్‌ని పట్టుకుని భుజానికి ఆనించే కట్టుభాగం కోసం, వెతకడం. కేటలాగులు తెరిచి, బరువు తక్కువ ఉన్నదాని నుంచి ఎక్కువ ఉన్నదాని దాకా వరసగా పేర్చుకుని, జేబు భరించగలిగినంతలో అన్నిటికన్నా తేలికైనది కొంటారు.

ఆ పద్ధతి తప్పని నేను గట్టిగా నమ్ముతాను. స్టాక్‌లో ముందు చూడాల్సింది గట్టిదనం. తర్వాత అది మన ఒంటికి కుదురుతుందా అన్నది. బరువు మూడోది. మొదటి రెండూ సరిగ్గా ఉన్న స్టాకుల్లో తేలికైనది ఎంచుకుంటే డబ్బు దక్కినట్టే. తేలిక కోసం ఆ రెంటినీ వదులుకుంటే కొండ ఎక్కడం సులువవుతుంది కానీ, ఎక్కాక గురి కుదరదు.

ఇది అమెరికాలో ఉంటూ లైసెన్స్ తీసుకుని వేటాడే మనవాళ్ల కోసం రాస్తున్నాను. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఇప్పుడు సరదా వేట అనేదే లేదు కాబట్టి ఈ చర్చ అక్కడికి వర్తించదు. ఇక్కడ ఫెడరల్ చట్టం దృష్టిలో తుపాకీ అంటే రిసీవర్, బోల్ట్, ట్రిగ్గర్ అమరే లోహపు భాగం. స్టాక్ విడిభాగం మాత్రమే, నేరుగా ఇంటికే పార్సిల్‌లో వస్తుంది. హెచ్1బి లాంటి వీసా మీద ఉన్నవాళ్లు మాత్రం అసలు రైఫిల్ దగ్గర పెట్టుకోవాలంటేనే, గడువు తీరని హంటింగ్ లైసెన్స్ లాంటి చట్టపరమైన మినహాయింపు ఏదైనా ఉండాలి. స్టాక్ సంగతి ఆ తర్వాత.

ఉదాహరణకి రెమింగ్టన్ 700 తీసుకుంటాను. 1962 నుంచి వస్తున్న బోల్ట్ యాక్షన్ రైఫిల్ ఇది, అంటే ప్రతి గుండుకీ చేత్తో బోల్ట్ మీట తిప్పి కాల్చేది. బయటి కంపెనీలు దీనికి చేసినన్ని స్టాకులు ఇంకే రైఫిల్‌కీ చేసి ఉండరు. ఇందులో ఎస్‌పీఎస్ అనే మోడల్‌తో వచ్చే ప్లాస్టిక్ స్టాక్ కిలోకి కాస్త అటూ ఇటూ తూగుతుంది. ఈ అంకె గుర్తుపెట్టుకోండి. మనం కొనబోయేదాన్ని దీనితోనే పోల్చాలి.

ముందు స్కోప్ వైపు చూడండి

స్టాక్ కొనేముందు రైఫిల్‌ని స్కోప్ (గురి చూసే దూరదర్శిని), దాన్ని పట్టి ఉంచే రింగులు, స్లింగ్ (భుజాన వేసుకునే పట్టీ) తో సహా వంటింటి తూకం మీదో, సామాను తూచే కొక్కెం తూకానికో పెట్టండి. తర్వాత స్కోప్ విడిగా ఎంతుందో చూడండి. దూరపు టార్గెట్ల కోసం చేసిన పెద్ద స్కోపులు 800, 900 గ్రాములు ఉంటాయి. 3.5-10 రెట్ల చిన్న వేట స్కోప్ 350 నుంచి 400 గ్రాములకి దొరుకుతుంది. మీ రైఫిల్ మీద ఆ పెద్దది ఉంటే, దాన్ని మార్చినందువల్ల తగ్గే బరువు వెయ్యి డాలర్ల కార్బన్ స్టాక్ వల్ల తగ్గేదానికన్నా ఎక్కువ. ఉక్కు రింగుల బదులు అల్యూమినియం రింగులు వేసినా కొంత పోతుంది. ఇవన్నీ అయ్యాక కూడా రైఫిల్ బరువనిపిస్తే అప్పుడు స్టాక్ దగ్గరికి రండి.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఎస్‌పీఎస్ స్టాక్ మార్చడానికి బరువుతో సంబంధం లేని మంచి కారణం ఒకటుంది. దాని ముందు భాగం, అంటే ఎడమ చేత్తో పట్టుకునే ఫోరెండ్, మెత్తగా ఉంటుంది. రైఫిల్ ఖాళీ చేసి, ఫోరెండ్‌నీ బ్యారెల్‌నీ కలిపి చేత్తో నొక్కి చూడండి. రెండూ తగులుకుంటాయి. బైపాడ్ అనే రెండు కాళ్ల ఊత మీద ఆనించి ముందుకి ఒత్తినా, స్లింగ్ బిగించి లాగినా జరిగేది అదే. బ్యారెల్ దేనికీ తగలకుండా తేలుతూ ఉండాలన్న ఉద్దేశంతో చేసిన రైఫిల్‌లో ఒక గుండుకి తగిలి, ఇంకో గుండుకి తగలకపోతే రెండూ ఒకే చోట పడవు. రేంజిలో ఇసుక సంచి మీద పెట్టి కాల్చినప్పుడు బాగానే ఉండి, కొండ మీద బండకి ఆనించి కాల్చినప్పుడు గురి జరిగిందని బాధపడేవాళ్లలో కొందరి సమస్య ఇదే.

కాబట్టి కొత్త స్టాక్ ఏదైనా, ముందు పెట్టాల్సిన పరీక్ష ఇది. ఎంత నొక్కినా ఫోరెండ్ బ్యారెల్‌కి తగలకూడదు. డాలర్ నోటు రెంటి మధ్య దూర్చి రిసీవర్ దాకా లాగితే ఎక్కడా పట్టుకోకూడదు.

దేనితో చేశారు, ఎంత తూగుతుంది

1960ల దాకా స్టాక్ అంటే చెక్కే, ఎక్కువగా వాల్‌నట్. అందంగా ఉంటుంది కానీ తడికి ఉబ్బుతుంది, ఎండకి ముడుచుకుంటుంది, దాంతోపాటు గురీ జరుగుతుంది. కాలిఫోర్నియాలో చెట్ బ్రౌన్ లాంటివాళ్లు బెంచ్‌రెస్ట్ (బల్ల మీద ఆనించి కాల్చే) పోటీల కోసం ఫైబర్‌గ్లాస్ స్టాకులు చేయడం మొదలుపెట్టింది ఆ రోజుల్లోనే. వాతావరణంతో మారని స్టాక్ కావాలన్నది మొదటి కోరిక. తేలిక దాంతోపాటు కలిసొచ్చింది. ఈ క్రమం నాకు ముఖ్యమనిపిస్తుంది, ఎందుకంటే ఇవాళ అమ్మకాలు దాన్ని తలకిందులు చేశాయి.

పల్చటి చెక్కపొరల్ని జిగురుతో అతికించి చేసే లామినేట్ స్టాకులు చవక, గట్టివి, తడికి అంతగా కదలవు. సౌత్ డకోటాలోని బాయిడ్స్ ఇవి పెద్ద ఎత్తున చేస్తుంది. బరువు మాత్రం కిలో దాటిపోతుంది, కాబట్టి మన పనికి రావు. మాగ్‌పుల్ హంటర్ 700 పాలిమర్ స్టాక్ కూడా అంతే. లోపల అల్యూమినియం బ్లాక్ ఉంటుంది, పొడవూ చెంప ఎత్తూ మార్చుకోవచ్చు, ధర 300 డాలర్ల లోపలే. కానీ దాదాపు 1.3 కిలోలు. ఎస్‌పీఎస్ స్టాక్ తీసి ఇది పెడితే రైఫిల్ బరువు పెరుగుతుంది. గట్టిదనమే కావాలి, కొండలెక్కే పని లేదు, టెక్సాస్‌లో మంచె లాంటి బ్లైండ్‌లో కూర్చుని జింక కోసం చూస్తాను అనేవాళ్లకి మాత్రం ఇంతకన్నా ఎక్కువ ఖర్చు పెట్టమని నేను చెప్పను.

తర్వాతి మెట్టు, లోపల అల్యూమినియం బెడ్డింగ్ బ్లాక్, అంటే రైఫిల్ లోహభాగం కదలకుండా కూర్చునే దిమ్మ, ఉన్న ఫైబర్‌గ్లాస్ స్టాకులు. కాన్సాస్‌లో డాడ్జ్ సిటీకి చెందిన బెల్ అండ్ కార్ల్‌సన్, సౌత్ డకోటాలో ర్యాపిడ్ సిటీకి చెందిన హెచ్‌ఎస్ ప్రెసిషన్ ఈ రకానికి పేరున్నవి. యాక్షన్‌ని, అంటే రిసీవర్, బోల్ట్ కలిసిన భాగాన్ని, బ్లాక్ మీద కూర్చోబెట్టి స్క్రూలు బిగిస్తే చాలు, గన్‌స్మిత్ పని దాదాపు ఉండదు. బెల్ అండ్ కార్ల్‌సన్ మెడలిస్ట్ సాధారణంగా కిలో లేదా ఆపైన. హెచ్‌ఎస్ ప్రెసిషన్ వేట మోడళ్లు దానికన్నా కొంచెం తేలిక. అంటే బరువు పెద్దగా తగ్గదు, కానీ గురి నిలకడగా ఉంటుంది.

అసలు బరువు తగ్గేది కార్బన్ ఫైబర్ దగ్గర. మెక్‌మిలన్ వాళ్ల ఎడ్జ్ రకం, మిస్సౌరీలోని మేనర్స్ కార్బన్ షెల్ వేట స్టాకులు, పీక్ 44, ఏజీ కాంపోజిట్స్ వంటివి ఈ వరసలో ఉన్నాయి. గుడ్డలా నేసిన కార్బన్‌ని ఎపాక్సీతో అచ్చులో పొరలు పొరలుగా వేసి, లోపల తేలికైన ఫోమ్ నింపుతారు. యాక్షన్ కూర్చునే చోట మాత్రం గట్టి పదార్థం పోస్తారు. షేపుని బట్టీ, భుజానికి ఆనే ప్యాడ్‌ని బట్టీ 600 నుంచి 750 గ్రాములు. ధర ఎనిమిది వందల డాలర్ల దగ్గర మొదలై వెయ్యి దాటుతుంది. ఆర్డర్ ఇచ్చి చేయించుకుంటే నెలల తరబడి ఆగాలి. కేటలాగుల్లో బరువు ఔన్సుల్లో ఇస్తారు, ఔన్సుకి 28 గ్రాములని లెక్కేసుకోండి. ఆ అంకె ప్యాడ్‌తో కలిపా, విడిగానా అన్నది అడిగి తెలుసుకోండి. మందపాటి రబ్బర్ ప్యాడ్ ఒక్కటే వంద గ్రాములకి పైగా తూగగలదు.

ఇంకా తేలికైనవీ ఉన్నాయి. వెస్ట్ వర్జీనియాలో మెల్విన్ ఫోర్బ్స్ 1980ల్లో మొదలుపెట్టిన అల్ట్రా లైట్ ఆర్మ్స్ రైఫిళ్ల స్టాక్ కెవ్లార్, గ్రాఫైట్‌తో చేసినది. బరువు అర కిలో దరిదాపుల్లోనే. అయినా ఆ రైఫిళ్లు గుండ్లని ఒకే చోట పెడతాయని గట్టి పేరు. కారణం, ఫోర్బ్స్ బ్యారెల్‌ని గాలిలో తేల్చలేదు. చివరిదాకా స్టాక్‌కి ఆనించి బెడ్డింగ్ చేశాడు, అంటే మధ్యలో సందు లేకుండా కూర్చోబెట్టాడు. స్టాక్ అంత గట్టిగా ఉంటేనే ఆ పని కుదురుతుంది, ఎందుకంటే అప్పుడు సన్నటి బ్యారెల్, స్టాక్ కలిసి ఒకే ముక్కలా కదులుతాయి. తేలిక స్టాక్ గురించి ఎవరైనా అడిగితే నేను మొదట చెప్పే సంగతి ఇదే. ఆయన ముందు గట్టిదనం సాధించాడు, ఆ తర్వాతే గ్రాములు కోశాడు.

ఇక చాసిస్ రకం, అంటే మామూలు స్టాక్ బదులు వాడే లోహపు చట్రం. కెనడా కంపెనీ ఎండీటీ చేసే హెచ్‌ఎన్‌టీ26 మెగ్నీషియం, కార్బన్‌తో చేసినది. పేరులోని 26 ఔన్సుల లెక్క, అంటే సుమారు 740 గ్రాములు. కొలరాడోలోని ఎక్స్‌ఎల్‌ఆర్ కూడా మెగ్నీషియం చాసిస్ చేస్తుంది. బెడ్డింగ్ అవసరం ఉండదు, బాక్స్ మ్యాగజైన్ పెట్టుకోవచ్చు, కొన్నిటిలో బట్, అంటే భుజానికి ఆనే వెనక భాగం, మడిచి సంచికి కట్టుకోవచ్చు. ఏటవాలు కొండల్లో చేతులు ఖాళీగా ఉండాల్సినప్పుడు ఆ మడత చాలా ఉపయోగం. కానీ నవంబర్ పొద్దుటి చలిలో గ్లవ్స్ లేకుండా లోహాన్ని పట్టుకున్నవాళ్లకి తెలుస్తుంది, అక్కడ వేలు ఎంతసేపు నిలుస్తుందో. నిటారు పిస్టల్ గ్రిప్ పడుకుని కాల్చడానికి బాగుంటుంది. నడుస్తూ, గబుక్కున భుజానికి తీసుకుని కాల్చేటప్పుడు పాతకాలపు వాలు గ్రిప్ నాకు బాగా ఇష్టం. ఇది అలవాటు మీద ఆధారపడే విషయం, మీకు రెండోది నచ్చవచ్చు.

తేలికతోపాటు వచ్చే చిక్కులు

తూటా, మందు అవే ఉంటే, రైఫిల్ ఎంత తేలికైతే అంత గట్టిగా తన్నుతుంది. ఆ శక్తి బరువుకి విలోమంగా మారుతుంది. అంటే 3.6 కిలోల రైఫిల్‌ని 3.2 కిలోలకి తెస్తే కిక్ దాదాపు 12.5 శాతం పెరుగుతుంది. .308, 6.5 క్రీడ్‌మూర్ లాంటి మధ్యరకం తూటాల్లో ఇది పెద్ద విషయం కాదు. .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ లాంటి ఎక్కువ మందు ఉన్న తూటాలో మాత్రం చాలా పెద్ద విషయం. కిక్‌కి భయపడి ట్రిగ్గర్ లాగే ముందు కళ్లు మూసుకోవడం, భుజం ముందుకి తోయడం ఒకసారి అలవాటైతే పోగొట్టుకోవడం కష్టం. మాగ్నమ్ రైఫిల్ ఉన్నవాళ్లు అన్నిటికన్నా తేలిక స్టాక్ జోలికి పోవద్దని నా సలహా. మంచి ప్యాడ్, వెడల్పాటి బట్, మధ్యస్థ బరువు వాళ్లకి మేలు.

బట్ మరీ ఖాళీ అయితే బరువంతా ముందుకి చేరుతుంది. 26 అంగుళాల బ్యారెల్, దాని కొసన సప్రెసర్ (చప్పుడు తగ్గించే గొట్టం) ఉన్న రైఫిల్‌కి అర కిలో స్టాక్ వేస్తే మొత్తం బరువు తగ్గుతుంది కానీ మూతి కిందికి లాగుతుంది. నిలబడి కాల్చేవాళ్ల ఎడమ చేయి అలిసిపోతుంది. రైఫిల్‌ని వేలు మీద నిలబెట్టి చూడండి. ముందు యాక్షన్ స్క్రూ దగ్గర తూగితే చేతిలో బాగుంటుంది. పొట్టి, సన్న బ్యారెల్ ఉన్నవాళ్లకి ఈ టెన్షన్ లేదు.

చప్పుడు సంగతి షాపులో ఎవరూ చెప్పరు. పల్చటి డొల్ల ప్లాస్టిక్ కొమ్మకి తగిలినప్పుడు డప్పులా మోగుతుంది. ఫోమ్ నిండిన స్టాక్ అంత మోగదు. కొనేముందు వేలితో తట్టి వినండి.

ఒంటికి కుదరడం

ట్రిగ్గర్ నుంచి ప్యాడ్ దాకా ఉండే పొడవుని లెంగ్త్ ఆఫ్ పుల్ అంటారు. ఇక్కడి కంపెనీలు 13.5 అంగుళాల దరిదాపుల్లో చేస్తాయి, ఆరడుగుల మనిషిని మనసులో పెట్టుకుని. అయిదున్నర అడుగుల లోపు ఉండే మన మగవాళ్లకీ, చాలామంది ఆడవాళ్లకీ అది పొడవే. పైగా కొలిచేది టీషర్ట్ మీద, వేటాడేది మందపాటి జాకెట్ మీద. 13 అంగుళాల చుట్టూ ఉంటే ప్యాడ్ చంకలో చిక్కుకోకుండా భుజానికి వస్తుంది. ఆర్డర్ ఇచ్చేటప్పుడే మీ పొడవు చెప్పండి. తర్వాత కోయించవచ్చు, కానీ ఫోమ్ నింపిన షెల్‌ని కోసి ప్యాడ్ మళ్లీ అమర్చడం తెలిసినవాళ్లు చేయాల్సిన పని.

చెంప ఆనే అంచు, అంటే కాంబ్, ఇంకా ముఖ్యం. కళ్లు మూసుకుని రైఫిల్ భుజానికి తీసుకుని, చెంప ఆనించి, కళ్లు తెరవండి. స్కోప్‌లో బొమ్మ నిండుగా కనిపించాలి. తల పైకెత్తాల్సొస్తే కాంబ్ తక్కువైనట్టు. పాత స్టాకులు ఇనుప సైట్ల కోసం గీసినవి కాబట్టి వాటిలో ఈ లోపం ఎక్కువ. ఎత్తు మార్చుకునే మీట ఉన్న స్టాక్‌కి కొంత బరువు పెరుగుతుంది. స్కోప్‌ని రిసీవర్‌కి దగ్గరగా, పొట్టి రింగులతో పెట్టుకుంటే మామూలు కాంబ్‌తోనే సరిపోతుంది, వేటకి నేను అదే చెబుతాను. ముందువైపుకి కాస్త వాలే కాంబ్ దొరికితే వదలకండి. రైఫిల్ వెనక్కి వచ్చినప్పుడు అది చెంపకి గుద్దుకోకుండా దూరం జరుగుతుంది.

నా ఎంపిక

ఎస్‌పీఎస్ లాంటి రైఫిల్, .308 లేదా 6.5 క్రీడ్‌మూర్, ఏడాదికోసారి కొండల్లో వేట, మిగతా ఏడాది రేంజి. ఇలాంటివాళ్లు ఎక్కువ. వాళ్లకి 700 గ్రాముల దరిదాపుల్లో ఉన్న కార్బన్ స్టాక్, దానికి గన్‌స్మిత్ చేత బెడ్డింగ్. దాంతో 300 గ్రాముల దాకా తగ్గుతుంది, గట్టిదనం ఫ్యాక్టరీ స్టాక్‌కి ఎన్నో రెట్లు ఉంటుంది. అంత డబ్బు పెట్టలేకపోతే హెచ్‌ఎస్ ప్రెసిషన్ లాంటి బ్లాక్ ఉన్న స్టాక్ కొని, స్కోప్ తేలికది వేసుకోండి. ఫలితం చాలా దగ్గరగా ఉంటుంది. 500 గ్రాముల స్టాక్ రోజుల తరబడి అడవిలో నడిచే, అడవి పొట్టేళ్లనీ కొండ మేకలనీ వేటాడేవాళ్లకి, అదీ బ్యారెల్ కూడా సన్నగా ఉన్నప్పుడు. చాసిస్ పడుకుని దూరం కాల్చడం అలవాటైనవాళ్లకి.

మీది టిక్కా టీ3ఎక్స్ లైట్ అయితే తొందరపడకండి. రైఫిల్ అలాగే మూడు కిలోల దగ్గర ఉంది, ఫ్యాక్టరీ స్టాక్ కూడా ఎస్‌పీఎస్ కన్నా మెరుగు. ఆ డబ్బు గుండ్లకీ, ప్రాక్టీసుకీ పెట్టడం మంచిది.

ఆర్డర్ పెట్టేముందు, వచ్చాక

మీ రైఫిల్ పొట్టి తూటాల షార్ట్ యాక్షనా, పొడవు తూటాల లాంగ్ యాక్షనా? కింద మూత తెరుచుకునే బీడీఎల్ రకమా, మూత లేని ఏడీఎల్ రకమా, ఊడొచ్చే మ్యాగజైనా? స్టాక్ అడుగున కోసే గాడి వీటిని బట్టి మారుతుంది, తప్పు చెబితే తిప్పి పంపాల్సిందే. బ్యారెల్ లావు చెప్పండి. బ్యారెల్ మార్పించి ఉంటే రీకాయిల్ లగ్ (రైఫిల్ తన్నుని స్టాక్‌కి అందించే ఉక్కు పలక) మందం కూడా చెప్పండి. గన్‌స్మిత్‌లు తరచూ ఫ్యాక్టరీది తీసి మందపాటిది వేస్తారు, అది పాత గాడిలో దిగదు.

బిగించేటప్పుడు రైఫిల్ ఖాళీగా ఉందని చాంబర్‌లో వేలు పెట్టి చూసుకోండి. స్టాక్ విప్పిన వేళ ట్రిగ్గర్ కూడా చూడండి. 2006 మే 1 నుంచి 2014 ఏప్రిల్ 9 మధ్య తయారైన ఎక్స్‌మార్క్ ప్రో ట్రిగ్గర్లని, రైఫిల్ దానంతటదే పేలే ప్రమాదం ఉందని రెమింగ్టన్ 2014లో వెనక్కి పిలిచింది. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నవాళ్లు తప్పకుండా సరిచూసుకోవాలి.

కొత్త స్టాక్‌లో ముందు స్క్రూ పొడవైతే బోల్ట్ మూసేటప్పుడు బోల్ట్ లగ్‌కి (బోల్ట్ ముందున్న పన్నుకి) రాసుకుంటుంది. బోల్ట్ బిగుతుగా తిరిగితే స్క్రూ ఒక్క చుట్టు వదులు చేసి చూడండి, తేలికైతే దోషం స్క్రూదే. సేఫ్టీ మీట, ట్రిగ్గర్ పక్కలు ఎక్కడా స్టాక్‌కి తగలకూడదు. ఖాళీ రైఫిల్ బోల్ట్ తెరిచి మూసి, సేఫ్టీ వేసి ట్రిగ్గర్ లాగి, వదిలి, సేఫ్టీ తీసి, ఫైరింగ్ పిన్ దానంతటదే పడుతుందేమో చూడండి. పడితే ఆ రైఫిల్‌లో గుండు పెట్టకుండా నేరుగా గన్‌స్మిత్ దగ్గరికి తీసుకెళ్లండి.

స్క్రూలని చేతి అంచనాతో కాకుండా టార్క్ రెంచ్‌తో బిగించండి. పిల్లర్లో (స్క్రూ చుట్టూ ఉండే లోహపు గొట్టాలు), అల్యూమినియం బ్లాకో ఉన్న రెమింగ్టన్ స్టాకులకి 65 అంగుళ పౌండ్లు మామూలు అంకె. స్టాక్ కంపెనీ వేరే అంకె ఇస్తే అదే పాటించండి. స్టాక్ మారితే జీరో, అంటే స్కోప్‌లో సరిచేసి పెట్టుకున్న గురి, మారుతుంది, కాబట్టి రేంజికి వెళ్లి మళ్లీ సరిచేసుకోవాలి. ఒక పెట్టె గుండ్లు కాల్చాక స్క్రూలు మళ్లీ చూడండి, కొత్త స్టాక్ సర్దుకునేటప్పుడు అవి కాస్త వదులవుతాయి. ఆ తర్వాత బైపాడ్ మీద, సంచి మీద, మోకాలి మీద విడివిడిగా కాల్చి, మూడు చోట్ల నుంచీ గుండ్లు ఒకే దగ్గర పడుతున్నాయో లేదో సీజన్ మొదలవకముందే తేల్చుకోండి.